ఎండలో పెట్టిన వేప బుడిపె

రంపం ఆగింది. వేప బుడిపె రెండు ముక్కలైంది.

"నాన్నా, సూడు సూడు!" ఈశ్వరి ఎగిరి గంతేసింది.

కాండం మీద కణితిలా పెరిగిన ఆ బుడిపె లోపల అన్నీ సుడులే! మధ్యమధ్య కళ్లలాంటి చుక్కలు!

ఈశ్వరి నాన్న మోహనకృష్ణ సాలూరులో లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. గాలివానకు కూలిన వేపచెట్టు నుంచి ఆ బుడిపె కోసి తెచ్చాడు.

"దీంతో గిన్నె సేద్దాం నాన్నా! వచ్చే నెల బడిలో ఎగ్జిబిషన్ ఉన్నాది."

"ముందు ఆరాలమ్మా. పచ్చి కర్రతో సేస్తే గిన్నె వంకర పోతాది."

నాన్న కోసిన వైపు కరిగించిన మైనం పూశాడు.

"మైనం ఏటికి?"

"తడి ఒక్కసారే పోకుండా. మెల్లగా పోవాల."

రెండు ముక్కల్నీ రంపపు పొట్టు నింపిన గోనెసంచుల్లో పెట్టి, షెడ్డులో నీడకు చేర్చాడు. ప్రతి ఆదివారం తూచాలన్నాడు. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టేనట.

మొదటి ఆదివారం ఒక ముక్క కిలో ఎనిమిది వందల నలభై గ్రాములు తూగింది. రెండో ఆదివారం కిలో ఏడు వందల తొంభై.

"యాభై గ్రాములేనా! ఎప్పటికి ఆరతాది?"

మర్నాడు బడికి సెలవు. నాన్న పనికి వెళ్లగానే ఈశ్వరి ఒక ముక్క తీసింది. మైనం గీకేసి, డాబా మీద మండుటెండలో పెట్టింది.

సాయంత్రం మెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్లింది. ముక్క అంచు నుంచి నడిమి దాకా చీలిపోయి ఉంది. చీలికలో వేలు పట్టేంత సందు!

ఈశ్వరికి ఏడుపొచ్చింది. అయినా పగిలిన ముక్కను దాచలేదు. నాన్న రాగానే చేతిలో పెట్టింది.

"నేనే ఎండలో పెట్టాను నాన్నా."

నాన్న చీలికను తడిమి చూశాడు. "పైన ఆరి ముడుసుకుపోనాది. లోన ఇంకా తడే. మరి పగలక ఏటవుతాది?" అని ఆమె తల నిమిరాడు.

ఎగ్జిబిషన్ ముందురోజు ఆదివారం. రెండో ముక్కను తూచారు. ఆ వారం మరో ముప్పై గ్రాములు తగ్గింది.

"రేపే కదా నీ ఎగ్జిబిషన్. గిన్నె తొలిసే మిషనెక్కించీమంటావా?" నాన్న అడిగాడు.

ఈశ్వరి సుడుల మీద వేలు తిప్పింది. గిన్నె ఎంత బాగుంటుందో!

"వద్దు నాన్నా. ఇంకా తగ్గతన్నాది."

సోమవారం ఆమె బల్ల మీద పగిలిన ముక్క, బరువులు రాసిన నోట్‌బుక్ ఉన్నాయి.

"గిన్నె ఏదమ్మా?" అనూరాధ టీచర్ అడిగింది.

"ఇంకా ఆరతన్నాది టీచర్! ఇది నేను తొందరపడి పాడుసేసిన ముక్క." ఎలా పగిలిందో ఈశ్వరి గబగబా చెప్పేసింది. పిల్లలు మూగారు. ఒక్కొక్కరూ చీలికలో వేలు పెట్టి చూశారు.

"ఒసే, మళ్లీ ఎప్పుడు తూస్తారే? మేమూ వస్తాం!" అంది స్నేహితురాలు కుమారి.

ఆ తర్వాతి ఆదివారం త్రాసు చుట్టూ ఆరుగురు పిల్లలు.

"ఇరవై గ్రాములు!" అందరూ ఒకేసారి అరిచారు.

"సాల్లేవే, ఇంక మీ నాన్నని సేసీమను!" కుమారి తొందరపెట్టింది.

ఈశ్వరి నవ్వి, ముక్కను పొట్టులో కప్పి, సంచి మూతి కట్టేసింది.