ఏడో గుల్ల

మెర్ల్ హాగెన్ గన్ క్లబ్‌లో మూడో నంబరు బల్ల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు.

శనివారం. ఉదయం 9:40. మొదట చూసినవాడు గస్ రీమర్. షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ వచ్చింది మాత్రం 9:52కి.

"ఆ పన్నెండు నిమిషాలూ ఏం చేశావు?" అని తర్వాత అడిగారు.

"మెర్ల్ దగ్గర తూటాలేమన్నా మిగిలాయేమో చూశా," అన్నాడు గస్. సిగ్గుపడలేదు. "నా తుపాకీకి సరిపోయేవి కావు. ముట్టుకోలేదు."

తూటాలు దొరక్క ఆ ఏడాది ఆ కౌంటీలో మనుషులు అలా తయారయ్యారు.

డిటెక్టివ్ ఆరిన్ లండ్ 10:15కి గన్ క్లబ్ గేటు దాటాడు. వయసు యాభై ఎనిమిది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మార్చి నెల కావడంతో మంచు కరిగి దారంతా బురద. కాల్చే చోట మాత్రం రేకుల కప్పు, కింద గులకరాళ్ళు.

బల్లమీద ఫ్లాస్కు ఉంది. మూతలో సగం తాగిన కాఫీ. మెర్ల్ కుడిచేతిలో .45 పిస్తోలు. కుడి కణత దగ్గర గాయం. తుపాకీ ఆనించి కాల్చినట్టు చర్మం కమిలింది.

షెరీఫ్ స్కలీ అప్పటికే పెన్ను మూసేశాడు.

"ఆత్మహత్య. డెబ్భై ఒక్క ఏళ్ళ ముసలాడు. పెళ్ళాం పోయింది. రాత్రి కూతురితో పోట్లాట. ఇంకేం కావాలి నీకు?"

"రిజిస్టర్‌లో ఎవరున్నారు?"

"8:10కి మెర్ల్ సంతకం. ఇంకెవరూ లేరు."

"గేటు తాళం నంబరు ఎంతమందికి తెలుసు?"

"మెంబర్లందరికీ. ఎందుకు పొడిగిస్తావయ్యా? డాక్టర్ ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్య పోయాడన్నాడు. పిస్తోలు అతనిదే. తూటా అతనిదే. వేలు అతనిదే."

లండ్ బల్లమీది ప్లాస్టిక్ పెట్టె తెరిచాడు. తూటాలు నిలబెట్టుకునే కన్నాల పెట్టె అది. యాభై కన్నాలు, వరుసకి పది. మెర్ల్ తెచ్చుకున్నది మాత్రం ఒక్క వరుస. ఆ వరుసలో ఆరు ఖాళీ ఇత్తడి గుల్లలు తలకిందులుగా ఉన్నాయి. కాల్చాక ఏరుకుని, మళ్ళీ మందు నింపుకోవడానికి దాచుకున్నవి. ఒక్కో గుల్ల అడుగున ముదురు ఎర్రరంగు చుక్క. తర్వాతి నాలుగు కన్నాలూ ఖాళీ.

పిస్తోల్లో మూడు తూటాలు మిగిలాయి. వాటికీ అదే చుక్క.

లండ్ క్లబ్ గదిలోంచి గడ్డి లాగే దంతె తెచ్చాడు. కుడిపక్క గులకరాళ్ళన్నీ లాగి చూశాడు. మోకాళ్ళమీద కూర్చుని చేత్తో కెలికాడు. ఎడమపక్క కూడా. నలభై నిమిషాలు పట్టింది.

"పోయిందేమన్నా ఉందా?" అని స్కలీ వెక్కిరించాడు.

"ఉంది."

"దొరికిందా?"

"లేదు," అని లండ్ లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

*

మెర్ల్ కూతురు కారిన్ తండ్రి ఇంటి మెట్లమీద కూర్చుని ఉంది. నలభై రెండేళ్ళు. నర్సు. అప్పటికి టైం 11:30.

ఆమె చేతిలో ఫోన్ మోగింది. విని పెట్టేసింది.

"ఎవరు?"

"పేరు చెప్పలేదు. మీ నాన్నగారి సంగతి విన్నాం, చాలా బాధగా ఉంది, ఆయన ప్రైమర్లు అమ్ముతారా అన్నాడు. ఇది మూడో ఫోన్. మొదటిది 11:10కి వచ్చింది."

ప్రైమరంటే గుల్ల అడుగున నొక్కే నిప్పు బిళ్ళ. చిటికెన గోరంత ఉంటుంది. అది లేకపోతే మందూ, సీసమూ, గుల్లా అన్నీ ఉన్నా తూటా పేలదు. ఏడాదిగా ఎక్కడా దొరకడం లేదు. మెర్ల్ బేస్‌మెంట్‌లో మాత్రం కొరత రాకముందు కొన్న ప్రైమర్లు గోడ ఎత్తున ఉన్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. మనిషికి జ్వరమొస్తే మాత్రం ఎవరికీ తెలియని ఊరు అది.

"రాత్రి ఫోన్‌లో ఏం మాట్లాడారు?" లండ్ అడిగాడు.

"నేను మాట్లాడలేదండీ. అరిచాను."

"ఏమని?"

ఆమె బురదవైపు చూసింది. "అమ్మ పోయాక ఆ నేలమాళిగలోనే ఉంటున్నాడు. మనవరాలి పుట్టినరోజుకి కూడా రాలేదు. గురువారం ట్రక్కు వస్తుందట, లైనులో నిలబడాలట. ఆ తూటాలతోనే చావు నాన్నా అన్నాను. అదే ఆఖరి మాట." లండ్‌వైపు తిరిగింది. "షెరీఫ్ చెప్పింది నిజమేనా? నేనంటే... నా మాటకే వెళ్ళి..."

"తెలీదు," అన్నాడు లండ్. ఊరడింపు మాటలు అతనికి రావు. ఎర్రచుక్క గుల్లల ఫోటో చూపించాడు. "ఈ రంగు ఏమిటి?"

కారిన్ ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"అమ్మ గోళ్ళ రంగు. ఒక్కటే రంగు వేసుకునేది. సీసా ఇంకా ఉందన్నమాట." కళ్ళు తుడుచుకుంది. "క్లబ్‌లో అందరూ అందరి గుల్లలూ ఏరేస్తున్నారని, తనవి తనకి తెలియాలని చుక్క పెడుతున్నానని చెప్పాడు ఒకసారి."

"పోట్లాట తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడా?"

"ఫోటో పంపాడు. కోపంలో చూడలేదు."

"ఇప్పుడు చూడండి."

మసక ఫోటో. ఊళ్ళో రైతు సామాన్ల దుకాణం వెనక తలుపు. గోధుమరంగు కాన్వాస్ కోటు వేసుకున్న మనిషి వీపు. చేతుల్లో తూటాల అట్టపెట్టెలు. వాటిని సొంత పికప్ ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. కింద మెర్ల్ రాసిన మాటలు: *లైనులో మేం చలికి చస్తుంటే దొడ్డిదారిన పోతున్నాయి. రేపు పొద్దున వాడితో మాట్లాడతా. ఒప్పుకోకపోతే ఆదివారం క్లబ్ మీటింగులో చూపిస్తా.*

ముఖమూ, బండి నంబరూ కనిపించవు. కోటు చూసి పట్టుకుందామంటే ఆ కౌంటీలో మగాళ్ళందరిదీ అదే కోటు.

*

గురువారాల్లో దుకాణానికి ట్రక్కు వస్తే సరుకు దించేది గస్ రీమర్. అమ్మేది కౌంటర్‌లో ఉండే డ్వైట్ పెల్కీ. వెనక తలుపు తాళం ఆ ఇద్దరి దగ్గరే ఉంటుంది.

లండ్ మొదట గస్ దగ్గరికి వెళ్ళాడు. గస్ వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు.

"మొన్న గురువారం లైనులో మెర్ల్‌ని కొట్టావట."

"కొట్టా. నా ముందు దూరాడు. సరుకు దించేవాణ్ణయినా నాకూ లైనే; ఐదింటికి కుర్చీ వేసుకుని కూర్చున్నా నేను. మనిషికి రెండు పెట్టెలే ఇస్తారు. నా వంతు వచ్చేసరికి అయిపోయాయి. నువ్వయితే ముద్దు పెట్టుకునేవాడివా?"

"ఇవాళ క్లబ్‌కెందుకెళ్ళావు?"

"క్షమించమని అడుగుదామని."

"నువ్వా?"

"మా ఆవిడ పంపింది," అన్నాడు గస్. "వెళ్ళకపోతే మధ్యాహ్నం తిండి పెట్టనంది."

లండ్ నవ్వలేదు. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. దాంతోపాటు ఒక ఖాళీ గుల్ల జారి, రాయిమీద టింగుమని, గస్ బూటు దాకా దొర్లింది.

గస్ దానివంక చూశాడు. "నీదేదో పడింది."

"అందుకుంటావా?"

"చేతిలో గొడ్డలుంది, కనపడలేదా? నువ్వే తీసుకో. నాకెందుకు ఖాళీది? మందు నింపడాలూ, నొక్కడాలూ నావల్ల కాదు. కొన్నది కాలుస్తా, పారేస్తా."

లండ్ వంగి తీసుకున్నాడు. మోకాలు కలుక్కుమంది.

*

12:50. దుకాణం అద్దంమీద కాగితం అతికించారు: 'తూటాలు లేవు. ఎప్పుడొస్తాయో తెలీదు. అడగొద్దు.' అయినా అడగడానికి ఏడుగురు నిలబడ్డారు.

డ్వైట్ పెల్కీ కోటు వేసుకునే కౌంటర్ వెనక ఉన్నాడు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండటంతో లోపలంతా చలి.

"ఇవాళ దుకాణం ఎన్నింటికి తెరిచావు?"

"9:20కి."

"తొమ్మిదింటికి కదా తెరవాలి?"

"బురదలో బండి దిగబడింది. నీ కారు దిగబడలేదా? ఆకాశంలో వచ్చావా?"

"క్లబ్‌కి ఎప్పుడెళ్ళావు?"

"మూడు వారాలు దాటింది. తూటాలమ్మేవాడి దగ్గరే తూటాల్లేవు. ఖాళీ గుల్ల కూడా లేదు. నవ్వుకో."

"మెర్ల్‌తో గొడవేమన్నా ఉందా?"

"వాడికి ఊరందరితో గొడవే. ఒంటరి ముసలాడు. కూతురు కూడా చావమందట కదా." డ్వైట్ పళ్ళ మధ్య పొగాకు నమిలాడు. "మంచి సలహా. విన్నాడు."

ఆ మాట రాత్రి ఫోన్‌లో తండ్రీకూతుళ్ళ మధ్యే నడిచింది; డ్వైట్‌కి ఎలా తెలిసింది? లండ్ దాన్ని గుర్తుపెట్టుకున్నాడు.

"నాలుగింటికి క్లబ్ గదికి రా," అన్నాడు.

*

నాలుగు గంటలకు అందరూ చేరారు. పొయ్యి దగ్గర కారిన్. గోడకి ఆనుకుని గస్. సంతకం చెయ్యని రిపోర్టుతో షెరీఫ్ స్కలీ. డ్వైట్ నిలబడే ఉన్నాడు.

"పది నిమిషాలు," అన్నాడు డ్వైట్. "దుకాణం మూసి వచ్చా. జనం తిడుతున్నారు."

లండ్ జేబులోంచి నోట్‌బుక్ లాగాడు. ఖాళీ గుల్ల ఒకటి ఊడిపడి, చెక్కనేల మీద దొర్లింది.

"నా ముఖం చూసి ఊరుకునేవాళ్ళు కాదు," అంటూనే డ్వైట్ వంగాడు. గుల్ల అందుకుని కుడి జేబులో వేసుకున్నాడు. "ఇవాళ శనివారం. గిరాకీ రోజు. మొదలుపెట్టు, ఏం చెబుతావో."

ఎవరూ పట్టించుకోలేదు.

లండ్ నిదానంగా మొదలుపెట్టాడు.

"మెర్ల్ తెచ్చుకున్నవి పది తూటాలు. ఆరు కాల్చాడు. ఆరు గుల్లలూ ఏరుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. మిగిలిన నాలుగూ పిస్తోల్లో ఎక్కించాడు. ఒకటి అతని తలలో ఉంది. మూడు పిస్తోల్లో ఉన్నాయి. లెక్క సరిపోయింది. అందుకే మనమందరం తూటాల్ని లెక్కపెట్టి ఊరుకున్నాం."

"ఇంకేం?" అన్నాడు స్కలీ.

"ఆ పిస్తోలు కాల్చిన ప్రతిసారీ ఖాళీ గుల్లని కుడిపక్కకి విసిరేస్తుంది. ఏడో గుల్ల ఏది?"

"రాళ్ళల్లో ఉంటుంది. అక్కడెప్పుడూ వేలకొద్దీ..."

"రెండేళ్ళ కిందట ఉండేవి. చీపురుతో ఊడ్చేవాళ్ళం. ఇప్పుడు ఒక్కటి చూపించు. కరువు మొదలయ్యాక ఆ నేలని కోళ్ళు ఏరినట్టు ఏరేశారు. నలభై నిమిషాలు వెతికా. నీ వెక్కిరింతలు వింటూనే వెతికా. లేదు."

స్కలీ చేతిలోని రిపోర్టువంక చూశాడు.

"కణతలో కాల్చుకున్నవాడు లేచి, తన గుల్ల తాను ఏరుకోడు," అన్నాడు లండ్. "ఇంకెవరో ఏరుకున్నారు."

కారిన్ తలెత్తింది.

"గస్ ఏమో," అన్నాడు డ్వైట్. "పన్నెండు నిమిషాలున్నాడు కదా."

"ఒరేయ్, నోరు జాగ్రత్త!" గస్ గోడ వదిలాడు.

"గస్ బూటు ముందు గుల్ల పడేసి చూశా. వంగలేదు. వాడికి అది చెత్త." లండ్ నోట్‌బుక్ మూశాడు. "చంపినవాడు అలా కాదు. ఖాళీ గుల్ల కనిపిస్తే వాడి చెయ్యి వాణ్ణి అడగదు. మెర్ల్ ఇవాళ పొద్దున వాణ్ణి ఇక్కడికి పిలిచాడు. ఫోటో ఉందన్నాడు. ఆదివారం చూపిస్తానన్నాడు. రాత్రి కూతురు చావమని తిట్టి ఫోన్ పెట్టేసిందనీ చెప్పాడు. ముసలాడు కదా, కడుపులో దాచుకోలేడు. బల్లమీద ఉన్న పిస్తోలుని వాడు గ్లౌజు చేత్తో అందుకున్నాడు. కాల్చాడు. మెర్ల్ చేతిలో పెట్టాడు. అన్నీ ఆలోచించి చేశాడు. తిరిగి వెళ్ళేటప్పుడు రాళ్ళమీద ఇత్తడి మెరిసింది. అది మాత్రం ఆలోచించలేదు."

"కథ బావుంది," అన్నాడు డ్వైట్. "సాక్ష్యం?"

"నాది నాకిచ్చెయ్."

"ఏది?"

"ఇందాక కిందపడితే తీసుకున్నావు. నా గుల్ల."

డ్వైట్ కనుబొమలు ముడిపడ్డాయి. అతనికి నిజంగానే గుర్తు లేదు. కుడి చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది.

అక్కడే ఆగిపోయింది.

నమిలే దవడ కూడా ఆగింది. పొయ్యిలో కట్టె చిటపటమంది.

"బయటికి తియ్యి, డ్వైట్," అన్నాడు షెరీఫ్. ఈసారి అతని చెయ్యి నడుం దగ్గరి తుపాకీమీద ఉంది.

డ్వైట్ పిడికిలి తీశాడు. వేళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది.

రెండు గుల్లలు.

ఒకటి నల్లబడిన పాతది. అది లండ్‌ది. రెండోది పసుపుపచ్చగా మెరుస్తోంది. దాని అడుగున ముదురు ఎర్రరంగు చుక్క.

"మూడు వారాలుగా క్లబ్‌కి రాలేదన్నావు," అన్నాడు లండ్. "ఈ చుక్క ఎవరు పెట్టారో ఆ అమ్మాయిని అడుగు."

డ్వైట్ గుల్లవంక చూస్తూనే ఉన్నాడు. "నేను తియ్యలేదు," అన్నాడు. "తీసినట్టు నాకు..."

అక్కడితో ఆపాడు. అప్పటికే ఎక్కువ చెప్పేశాడు.

*

4:35. డ్వైట్‌ని కారెక్కించారు. గస్ ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. స్కలీ రిపోర్టు కాగితం రెండుగా చించి పొయ్యిలో పడేశాడు. టోపీ తీసి కారిన్ ముందు నిలబడ్డాడు.

"పొరబాటైందమ్మా. ఏమీ అనుకోకు." గొంతు సవరించుకున్నాడు. "అన్నీ సర్దుకున్నాక... మీ నాన్న ప్రైమర్లు ఏం చేద్దామనుకుంటున్నావు? మా ఆఫీసులో కుర్రాళ్ళకి ప్రాక్టీసుకి కూడా..."

కారిన్ అతనివంక చూసింది. స్కలీ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

లండ్ తమ ఇద్దరి మధ్యా ప్లాస్టిక్ పెట్టె పెట్టాడు. "పోల్చడానికి పిస్తోల్లోవి చాలు, ఇది మీరు తీసుకెళ్ళొచ్చు," అన్నాడు.

"ఒక్కటి చెప్పండి," అంది కారిన్. "నా మాట గుండెల్లో పెట్టుకునే వెళ్ళాడా?"

"పెట్టుకునే వెళ్ళాడు. అన్నది అన్నారు. దాన్ని నేను వెనక్కి తేలేను." లండ్ పెట్టె మూత తెరిచాడు. "కానీ పది తూటాలకీ చుక్కలు పెట్టుకుని వెళ్ళాడు. గుల్లలు తిరిగి కావాలనుకున్నవాడు ఇంటికి రావాలనుకున్నట్టే."

ఆమె ఆరు చుక్కల్నీ వేలితో తడిమింది. ఏడో కన్నం దగ్గర వేలు ఆగింది.

"అది నాకిస్తారా?"

"తీర్పయ్యాక."

"ఎన్నాళ్ళు?"

"ఏడాది. రెండేళ్ళు."

"లైనులో నిలబడతాను," అంది కారిన్. పెట్టె మూసి చంకలో పెట్టుకుంది.