ముప్పై ఒకటో ప్రశ్న

పింఛన్ల ఆఫీసులో నాలుగో కౌంటర్ ముందు క్యూలో నిలబడ్డ లెక్చరరమ్మకు, తాను చేసిన తప్పేమిటో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. చేతిలో ఒక ఫారం. "ఈ పరిశోధన నుంచి తప్పుకుంటున్నాను." కింద కౌంటర్ గుమాస్తా సంతకం.

ఆమె చెప్పేది సోషియాలజీ. ప్రభుత్వ సాయం ఎవరికి అందుతోంది, ఎవరు గుమ్మం దాకా వచ్చి వట్టి చేతులతో పోతున్నారు అన్నదాని మీద మూడేళ్లుగా పుస్తకం రాస్తోంది. దానికి ప్రాణం ఈ గుమాస్తా చెప్పిన సంగతులే. పుస్తకంలో అతను "ఇరవై ఏడో నంబరు". తప్పుకున్నవాళ్లు చెప్పిందంతా, వాళ్లు ఉంచుకోమనకపోతే, చెరిపెయ్యాలి. అంటే సగం పుస్తకం గోవిందా! పైగా కారణం అడక్కూడదు. ఆ నియమం రాసిందీ ఆమే.

పొద్దున్న అక్కకు ఫోన్ చేసి గోలపెట్టింది.

"నీ బాధ పుస్తకం గురించా, మనిషి గురించా? ముందు అది తేల్చుకో," అని అక్క పెట్టేసింది. దాంతో ఉన్న కాస్త మతీ పోయింది.

"టోకెన్?" అన్నాడతను తలెత్తకుండా.

"టోకెన్ లేదు. కారణం కావాలి."

తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అడక్కూడదని మీ ఫారంలోనే ఉందండీ."

"అడగట్లేదు. ఊరికే నిలబడ్డాను."

"నిలబడనీ బాబూ, నాకేం తొందర్లేదు," అంది వెనకున్న పెద్దావిడ, ఇంకాస్త ముందుకు జరిగి.

"మీ ఆఫీసును తిడుతూ వ్యాసం రాశానని కోపమా?"

"ఇంకో నాలుగు తిట్లు వదిలేశారు. చెప్దామనుకున్నా."

"మరెందుకు?"

అతను డ్రాయర్‌లోంచి, ఆమె ఏటా నింపమని ఇచ్చే ప్రశ్నల కాగితాల్లో ఈ ఏటివి తీశాడు. అన్నీ నింపాడు, ముప్పై ఒకటోది తప్ప. కష్టమొస్తే మొదట ఎవరికి చెప్పుకుంటారు?

మొదటి ఏడాది "అమ్మకి" అన్నాడు. రెండో ఏటికి అమ్మ లేదు. "ఎవరికీ చెప్పుకోను" అన్నాడు. ఆ రోజు ఆమె రికార్డర్ ఆపేసి, ఏమీ అడక్కుండా చాలాసేపు అతని పక్కన కూర్చుంది.

"ఈసారి నిజం రాస్తే మీ పరిశోధన పాడవుతుంది. అబద్ధం రాయడం నాకు చేతకాదు."

"ఏంటా నిజం?"

"మీ పేరు."

ఆమె ఫారాన్ని మడతపెట్టబోయింది.

"ఫారం తిప్పి చూడలేదా?" అన్నాడతను నెమ్మదిగా.

తిప్పింది. వెనక అతని చేతిరాత: "ఇంతవరకు చెప్పినవన్నీ ఉంచుకోండి."

పుస్తకం దక్కింది. అయినా ఆమె కౌంటర్ ముందు నుంచి కదల్లేదు. అక్క ప్రశ్నకు జవాబు దొరికిపోయింది.

"ఇప్పుడు నాకో కష్టమొచ్చింది," అంది. "ఎవరికి చెప్పుకోవాలో తెలీట్లేదు."

"ఒంటిగంటకి భోజనానికి లేస్తాను. నాకు చెప్పండి."

"ముందు నా సంతకం సంగతి చూడు నాయనా," అంది పెద్దావిడ.

లెక్చరరమ్మ పక్కకు తప్పుకుని బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ మీద జనం సగటున గంటా పది నిమిషాలు ఎదురుచూస్తారని లెక్క తేల్చింది ఆమే. ఆ రోజు మాత్రం వాచీ చూసుకోవడం మర్చిపోయింది.