కోమలి టీచర్ ఇష్టగ్రంథం

మధ్యాహ్నం గంట కొట్టేసరికి నాలుగో తరగతి పిల్లలు ఒక మహానవల పూర్తిచేసి ఉన్నారు. కరువుకు ఊరు విడిచిన కుటుంబం కథ అది. ప్రార్థన కాగానే తలపట్టీలు కట్టుకున్నారు, కాసేపటికి నవల మొత్తం వాళ్ళ మనసుల్లో ఉంది. ఇప్పుడు అన్నం కంచాల ముందు కూర్చుని ఎవరూ ముద్ద ఎత్తడం లేదు.

"తినండర్రా," అంది కోమలి టీచర్.

"ఆకలి నేదు టీచర్," అంది పైడితల్లి. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. "మనిషన్నాక తింటాడు, పోతాడు. ఏటుంది?"

పార్వతీపురంలోని ఆ బడిలో ఇలాంటి మాటలు ఎవరికీ వింతగా తోచడం మానేసి చాలాకాలమైంది. రసవాహిని వచ్చిన తర్వాత బడుల్లో అచ్చు పుస్తకాల అవసరం పోయింది. ఒక మనిషి ప్రేమించి చదివిన పుస్తకాన్ని, చదివినప్పుడు కలిగిన అనుభూతితో సహా, ఆ యంత్రం అతని మనసులోంచి తీసుకుని తలపట్టీల ద్వారా పిల్లల మనసుల్లో పోస్తుంది. కాకపోతే దానికి ప్రేమించిన మనిషి కావాలి. ఉపాధ్యాయులు మిగిలింది అందుకే. ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక ఇష్టగ్రంథం ఉండాలి, దాని గొప్పదనాన్ని బట్టే అతని హోదా.

విద్యాశాఖ ఆమోదించిన గ్రంథాల్లో బాలసాహిత్యానికి చోటులేదు. పెరిగిన మనిషి పిల్లల పుస్తకాన్ని ప్రేమిస్తున్నాడంటే అతని బుద్ధి పెరగనట్టేనని నిపుణులు తేల్చారు. మహాగ్రంథాలే ఇంత సులువుగా అందుతుంటే పిల్లలకు చిన్న పుస్తకాలెందుకని కూడా అన్నారు. దాంతో ఉపాధ్యాయ శిక్షణలో అందరూ బరువైన పుస్తకాలను ప్రేమించడం నేర్చుకున్నారు. ఐదో తరగతి ధర్మారావు మాస్టారు ఒక వేదాంత భాష్యాన్ని కష్టపడి ప్రేమించాడు. ఆయన పోసిన రోజున పిల్లలు సాయంత్రందాకా తూగుతూనే ఉండేవారు.

కోమలికి కరువు నవల మీద నిజంగానే గౌరవం ఉంది. కానీ ఆమె ప్రాణం పెట్టి చదివిన పుస్తకం వేరు. అది గొంతు పోగొట్టుకున్న ఒక కప్ప కథ. ఆ కప్ప కాకినీ, మేకనీ, ధాన్యం మిల్లునీ గొంతు అరువడుగుతుంది. చివరికి వానొచ్చిన రోజున నోరు తెరిస్తే గేదె గొంతు బయటికొస్తుంది. ఆ సంగతి కోమలి ఎవరికీ చెప్పలేదు.

పైడితల్లి మాట విన్న సాయంత్రం ఆమె హెడ్మాస్టరు లక్ష్మునాయుడి దగ్గరికి వెళ్ళింది. ఒక్కరోజు, ఒక్క పిల్లల పుస్తకం పోయనివ్వమని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు దగ్గరగా వేసి, ఏ పుస్తకమని అడిగాడు. చెప్పింది.

"నాకు చెప్పారు, సరే. ఇంకెవరితోనూ అనకండమ్మా," అన్నాడాయన. "కప్ప కథ ఇష్టమని తెలిస్తే రేపు మిమ్మల్ని బడి తుడవడానిక్కూడా ఉంచరు."

ఆమె సరేనని వచ్చేసింది. మర్నాడు ఉదయం తలపట్టీ కట్టుకుని, మళ్ళీ కరువు నవలనే తలుచుకోవలసిన చోట కళ్ళు మూసుకుని కప్పను తలుచుకుంది.

ముందు ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. తర్వాత బెంచీ అంతా నవ్వింది. గేదె గొంతు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పొట్టలు పట్టుకుని కిందపడ్డారు. ఆ బడిలో అలాంటి చప్పుడు విని ఏళ్ళయింది. ఏదో ప్రమాదం జరిగిందనుకుని లక్ష్మునాయుడు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పైడితల్లి తన పక్కన బెంచీ మీద ఖాళీ చోటును తడిమింది.

"తమ్ముడేడి టీచర్?"

ఆ తమ్ముడెవరో కోమలికి తెలుసు. ఆమె ఆ పుస్తకాన్ని చిన్నప్పుడు ఆస్పత్రి మంచం మీద తమ్ముడు గిరికి చదివి వినిపించింది. గేదె గొంతు రాగానే వాడు ఇంకోసారి, ఇంకోసారి అని అడిగేవాడు. ఒకరోజు పుస్తకం మధ్యలో ఉండగానే వాడు వినడం ఆపేశాడు. ఆమె గమనించక చివరిదాకా చదివింది. రసవాహినికి కథ వేరు, గిరి వేరు అని తెలియదు. రెండింటినీ కలిపే పోసింది.

ఆ సాయంత్రం పిల్లలు ఇళ్ళకు వెళ్ళి లేని తమ్ముడి కోసం ఏడ్చారు. కొందరు వాడికి అన్నం తీసిపెట్టమని తల్లులతో పేచీ పెట్టారు. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు, వాళ్ళ వెనకే శాఖ వాళ్ళు వచ్చారు. పిల్లల్లో పోసింది నెలలో దానంతటదే పలచబడుతుందని తల్లిదండ్రులకు సర్దిచెప్పారు. కోమలికి మాత్రం రెండు దారులు చూపించారు. ఉద్యోగం వదులుకోవాలి, లేదా ఇష్టశుద్ధి చేయించుకోవాలి. అంటే ఆమె మనసులోంచి ఆ పుస్తకాన్ని తీసేస్తారు.

ఆమె వెళ్ళిపోతే నాలుగో తరగతి ధర్మారావుకు పోతుంది. ఆమె రెండు రోజులు ఆలోచించింది. శుద్ధి చేసే కుర్చీలో కూర్చున్నాక, పుస్తకంతో పాటు ఇంకేమైనా పోతుందా అని అడిగింది. పుస్తకం ఒక్కటే పోతుందండి అన్నాడు తలపట్టీ బిగించే మనిషి. అతనికి తెలిసింది అంతే. తమ్ముడు వేరు, పుస్తకం వేరు అని ఆమె కూడా తనకు తాను చెప్పుకుంది. కానీ గిరి బతికింది ఐదేళ్ళు. వాడితో ఆమెకు బాగా గుర్తున్న రోజులన్నీ ఆ మంచం పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నవే. మిగిలిన చిన్న చిన్న జ్ఞాపకాలు వాటిని పట్టుకుని వేలాడుతున్నవి. అన్నీ కలిసే పోయాయి. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. ఆమెకు తమ్ముడుండేవాడని చెప్పేవాళ్ళు ఇక ఇంట్లో లేరు.

నెల దాటింది. పిల్లల్లో మాత్రం ఏదీ పలచబడలేదు. ఒకరోజు కోమలి పిల్లల్ని తమకు ఇష్టమైన మనుషుల గురించి చెప్పమంది. పైడితల్లి లేచి గిరి గురించి మొదలుపెట్టింది. వాడికి కుడిచెవి మీద పుట్టుమచ్చ ఉండేదని, పాలు వద్దని మారాం చేసేవాడని చెప్పింది.

"ఎవరమ్మా ఈ గిరి? నీకు తమ్ముడు లేడు కదా?"

"నాకు కాదు టీచర్. మీకు."

"నేను మా ఇంట్లో ఒక్కతే కూతుర్ని."

"నేదు టీచర్, ఉన్నాడు," అంది పైడితల్లి. వెనక బెంచీ పిల్లవాడు లేచి, వాడి చొక్కాకు పై గుండీ ఉండేది కాదన్నాడు. ఇంకొకరు వాడి దగ్గు ఎలా ఉండేదో దగ్గి చూపించారు. ఆమెకు గుర్తు రావాలని పిల్లలందరూ ఆరాటపడి తలొక సంగతీ చెప్పారు. తనను శిక్షించిన సంగతి తెలిసి తరగతంతా కలిసి ఎగతాళి చేస్తోందనుకుంది కోమలి. పైడితల్లిని గుమ్మం బయట నిలబెట్టింది. ఆ పిల్ల బయట నిలబడి కూడా, "మీకే అక్కా అనీవోడు టీచర్," అంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే కోమలి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. పిల్లల మనసుల్లో అబద్ధపు మనిషి ఒకడు కూర్చున్నాడని, వాళ్ళు చదువుకునే స్థితిలో లేరని, తరగతికంతటికీ ఇష్టశుద్ధి చేయించాలని అడిగింది.

లక్ష్మునాయుడు లేచి తలుపు దగ్గరగా వేశాడు. కప్ప కథ పోసిన రోజు పిల్లల్ని ఇళ్ళకు పంపాక ఆమె గిరి గురించి ఆయనకంతా చెప్పింది. చెప్పినట్టు ఆమెకిప్పుడు తెలియదు. ఆ మాట తను అంటే శుద్ధి చెడిందని శాఖ వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి తననూ అడుగుతారు.

"మీరు తరగతి టీచరు," అన్నాడు. "మీరు అడిగితే నేను కాదనేదేటుంది?"

శుద్ధి జరిగిన రోజున ఒక్కొక్కరూ కుర్చీ ఎక్కి దిగారు. దిగినవాళ్ళు ఆకలేస్తోందంటూ బయటికి వెళ్ళారు. పైడితల్లి అందరినీ ముందుకు పంపుతూ ఆఖరున మిగిలింది. భయపడుతోందనుకుని కోమలి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది, నొప్పేమీ ఉండదని చెప్పింది, కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు వెనక్కి దువ్వింది.

"నాను కూడా మర్సిపోతే ఆడికింకెవులున్నారు టీచర్?"

"ఎవరికమ్మా?" అని అడుగుతూ, తలపట్టీ వదులుగా లేకుండా చూసి బిగించింది కోమలి.