కణితి ముక్క అడిగిన అమ్మాయి

"మా అమ్మ ప్రాణం గురించి మేం అల్లాడుతుంటే, మీకు ప్రయోగాలు కావాల్సొచ్చాయా?"

కోటి అరుపుకి ఆసుపత్రి వరండాలో అందరూ తిరిగి చూశారు. ఎదురుగా ఉన్న అమ్మాయి ముఖం ఎర్రబడింది కానీ, అడుగు వెనక్కి వెయ్యలేదు.

అది 2007 వానాకాలం. కోటి కైకలూరు నుంచి విజయవాడకి చేపలు తోలే వ్యాపారి. వాళ్ళమ్మ రత్తమ్మకి రొమ్ము క్యాన్సర్. మర్నాడే ఆపరేషన్. ఆ అమ్మాయి పేరు సింధూరి. ఊరు మైలవరం, హైదరాబాదులో పీహెచ్‌డీ. తీసేసిన కణితిలోంచి చిన్న ముక్క పరిశోధనకి ఇమ్మని అడగడానికి వచ్చింది.

"ఇస్తే మా అమ్మకి నయమవుద్దా?"

"అవదండీ. ఆవిణ్ణి బాగుచేసేది డాక్టర్ గారు. నా పని ఎప్పుడో, ఇంకెవరికో ఉపయోగపడొచ్చు. పడకపోనూ వచ్చు."

అబద్ధమాడితే దులిపేద్దామని సిద్ధంగా ఉన్న కోటి, ఆ మాటకి చల్లబడి అమ్మ వైపు తిరిగాడు.

"ఎలాగూ పారేసేదేగా! తీసుకో తల్లీ," అంది రత్తమ్మ, వార్డు గుమ్మం పక్కనే ఉన్న మంచం మీంచి. "నువ్వూరుకోరా."

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ సాయంత్రం కుండపోత వాన. సింధూరి కణితి ముక్కని చల్లగా దాచిన ఓ పెద్ద ఫ్లాస్క్ పట్టుకుని గేటు దగ్గర ఆటో కోసం తడుస్తోంది. కోటి వ్యాన్ ఆపాడు.

"స్టేషన్‌కేగా, ఎక్కండి. చేపల వాసనకి మాత్రం నా పూచీ లేదు."

బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ జామ్.

"దానికి అంత చలువ ఎందుకండీ? నా చేపలకి కూడా ఇంత మర్యాద చెయ్యను."

"ఈ ముక్కలోని కణాల్లో ఉండే ఆర్ఎన్ఏ అనే పదార్థం మహా సుకుమారం. ఇట్టే పాడైపోతుంది." ఆమె ఫ్లాస్క్‌ని ఒళ్ళోకి లాక్కుంది. "కొన్ని ఆర్ఎన్ఏలు ప్రొటీన్లు తయారు చెయ్యవు. చాలాకాలం వాటినెవరూ పెద్దగా లెక్కచెయ్యలేదు. తీరా చూస్తే, ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో చెప్పేవాటిలో ఇవీ ఉన్నాయి. ఇవి దారి తప్పితే కణాలు అదుపు లేకుండా పెరగొచ్చు. రక్తంలో వీటిని కనిపెట్టగలిగితే జబ్బు ముందే తెలుస్తుందేమో. వీటిని సరిచేసే మందూ రావచ్చు."

"అంటే, పనిలేనివనుకున్నవే పెత్తనం చేస్తున్నాయన్నమాట."

"మీ ఇంట్లో లేరా అలాంటివాళ్ళు?"

"ఉన్నాను."

సింధూరి పకపకా నవ్వింది. వెనక హారన్లు మోగుతున్నా, గ్రీన్ సిగ్నల్ పడిందని కోటికి తెలియలేదు.

తర్వాత నెలనెలా శాంపిల్స్ కోసం ఆమె వచ్చేది. వచ్చినప్పుడల్లా కీమో ఎక్కుతున్న రత్తమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. జుట్టు ఊడిపోయి ఏడుస్తుంటే తలకి స్కార్ఫ్ కట్టి అద్దం చూపించింది. విచిత్రంగా, కోటి లోడు కూడా సరిగ్గా ఆ రోజే విజయవాడలో దిగేది.

రెండేళ్ళకి చెకప్‌లో జబ్బు జాడ లేదన్నారు. రత్తమ్మ డాక్టర్ చేతులు కళ్ళకద్దుకుంది. కోటి వరండాలో ఉన్న సింధూరి దగ్గరికి వచ్చాడు.

"థాంక్సండీ."

"నాకెందుకు? నేనేం చెయ్యలేదుగా."

"అందరూ ఏం కాదు, ఏం కాదు అన్నారు. మీరొక్కరే ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను." గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి... మీరు రాని నెల నాకు గడవదండీ."

సింధూరి తల దించుకుంది. పెదవి చివర మాత్రం నవ్వు దాగలేదు. "ఆదివారం మైలవరం రండి. నాన్నగారితో చెప్పండి."

ఆదివారం సింధూరి నాన్న తిరుపతిరావు గారు కోటిని ఎగాదిగా చూశారు. కులం అడగలేదు, పొలం అడగలేదు.

"పెళ్ళయ్యాక దాని రీసెర్చ్ సంగతేంటి బాబూ?"

"మానమంటే ముందు మా అమ్మే నన్ను ఇంట్లోంచి గెంటేస్తదండి."

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. "కూతురు చదువుకి అడ్డురాని వాణ్ణి చూపించమని దుర్గమ్మకి మొక్కుకున్నానయ్యా," అని కోటి భుజం మీద చెయ్యేసి, లోపలికి కేకేశారు. "అమ్మా సింధూ! అల్లుడికి కూడా విస్తరెయ్యి!"