పలకకూడని నేలమాళిగ

ఆ పాత కోటలోని నేలమాళిగకు మంచి పేరు లేదు. ఒకప్పుడు ఖైదీలను పడేసిన చోటట. చీకటి పడ్డాక లోపల్నుంచి పిలుపు వస్తుందట — అదీ మన ఇంట్లోవాళ్ళ గొంతుతో. పలికారా... ఇక బయటికి రారట.

గైడు రోజూ చెప్పే కథే ఇది. అందరూ నవ్వేసి ఊరుకుంటారు. మా మేనమామ ఊరుకోలేదు. అసలే తన నీడ చూసి తానే జడుసుకునే రకం. ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను, నన్ను తిట్టుకోకండి.

ఒక్క పూట ఆ కోట ఉన్న నగరం చూసొద్దామని అత్తా, ఆయనా టూరిస్టు బస్సెక్కారు. పొద్దు వాలాక అందరూ కోట చూసి తిరిగి బస్సు దగ్గరికి బయల్దేరారు. అత్త ముందే వెళ్ళి కూర్చుంది. ఈయనకేమో ఖైదీలు గోడమీద గీసిన గీతలు ఇంకోసారి చూడాలని బుద్ధి పుట్టింది.

నేలమాళిగ చివరి గదిలో ఉండగా — దీపాలు ఆరిపోయాయి. పైనెక్కడో ఇనుప తలుపు మూసిన చప్పుడు.

గోడ తడుముకుంటూ మెట్లెక్కాడు. తలుపుకి బయట తాళం. "వాచ్‌మేన్! ఎవరైనా ఉన్నారా!" అని గొంతు చించుకున్నాడు. తలుపు ఊపి ఊపి అరచేతులు మండిపోయాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు...

అప్పుడు — కిందనుంచి —

"ఏమండీ..."

మామయ్య పైప్రాణాలు పైనే పోయాయి. అచ్చం అత్త గొంతు. అత్త బస్సులో ఉంది కదా మరి!

"ఏమండీ... పడిపోయాను. కాలు కదపలేకపోతున్నా. ఒక్కసారి ఇలా రండి..."

చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు మామయ్య. కిందికి దిగలేడు, బయటికి పోలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొంతు మొదట బతిమాలింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపుకి తట్టుకోలేక ఒక కాలు కిందికి దించాడట... మళ్ళీ వెనక్కి లాక్కున్నాడట.

కాసేపటికి పిలుపు ఆగిపోయింది. అలా ఆగిపోయాకే ఎక్కువ భయమేసిందట.

ఎప్పటికో టార్చి వెలుగు కనబడింది. వాచ్‌మేన్, వెనకే బస్సు డ్రైవరు. తాళం తీయగానే మామయ్య డ్రైవరు చెయ్యి పట్టేసుకున్నాడు. "త్వరగా పోదాం పద నాయనా. బస్సులో మా ఆవిడ కంగారుపడుతుంటుంది."

డ్రైవరు ఆయన భుజం మీదుగా చీకట్లోకి చూశాడు.

"ఆవిడేరండీ? మీరింకా రాలేదని, వెతకడానికి లోపలికే వచ్చారుగా..."

మామయ్య టార్చి వెనకాలే మెట్లు దిగాడు.

కింద, ఇంకో గది వైపు తిరిగే మలుపులో గోడకి చేరగిలబడి కూర్చునుంది అత్త. మడమ వాచిపోయింది. పిలిచి పిలిచి గొంతు పోయింది.

"దెయ్యమనుకున్నానే..." అన్నాడు మామయ్య.

అత్త ఆయన వైపు చూడలేదు. డ్రైవరు చెయ్యి ఆసరాగా లేచి, గుసగుసలా అంది —

"దెయ్యమైనా ఓసారి పలికి ఉండేదండీ."