కాన్‌చెన్ బావి దగ్గర పది నిమిషాలు

కాన్‌చెన్ బావి దగ్గర తెల్లారకముందు ఎవరూ ఆగరు.

పట్టపగలైతే ఫర్వాలేదు. తేనెపట్టు వాళ్ళు వెళ్తారు, కట్టెలకి వెళ్తారు, పిల్లలు రాయి విసిరి లోపల నీళ్ళ చప్పుడు వింటారు. పొద్దు గూకిందా... ఇక ఆ దారి లేనట్టే.

ఎవరూ తవ్విన బావి కాదది. నేలే అక్కడ కూలిపోయింది. పైకప్పు రాయి సగం పడిపోయింది, సగం వేలాడుతోంది. దాని మీంచి చెట్ల వేళ్ళు జడల్లా నీళ్ళ దాకా దిగాయి. ఆ పక్కనుంచే, అడవి మింగేసిన పాత రాతి గుడికి అడ్డదారి.

సిరీలో సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తేనె తీసేవాడు. ఒకరోజు చీకటితో అటుగా వచ్చాడు. ఒంటిమీద గీత లేదు. జ్వరం లేదు. కానీ ఆ రోజు నుంచి పళ్ళెం ముందు కూర్చునేవాడు... చూసేవాడు... లేచిపోయేవాడు. వానలు పడేనాటికి ఎముకల గూడు. ఏమైందిరా అని అడిగితే చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

సరిగ్గా ఆ దారినే నలభై మంది టూరిస్టుల్ని తీసుకెళ్దామని ప్లాను వేసింది నెల్సీ.

ఆ పిల్ల ఊరికే వేసింది కాదు లెండి. సముద్రం ఒడ్డున రిసార్టులో ఆమెకి మూడు నెలల ఉద్యోగం, అందులో రెండు నెలల మూడు వారాలు అయిపోయాయి. వాళ్ళ ఊరి ఆడవాళ్ళందరూ ఆ రిసార్టులో పక్కలు సర్దినవాళ్ళే, బాత్రూములు కడిగినవాళ్ళే. వాళ్ళమ్మ ఫిలిబెర్తా పంతొమ్మిదేళ్ళు కడిగింది. మెడలో కార్డు వేసుకుని, గైడుగా ముందు నడిచింది నెల్సీ ఒక్కతే. ఈ ట్రిప్పు ఖాయమైతే ఆ కార్డు ఉంటుంది. లేదంటే మళ్ళీ దుప్పట్లే.

మిగతా బస్సులన్నీ తొమ్మిదింటికి గుడి దగ్గర దిగుతాయి. ఎండ, తోపులాట, టోపీలమ్మేవాళ్ళు. అదే సూర్యుడు రాకముందే చేరితే గుడి మొత్తం మనదే. మళ్ళీ ఒంటిగంటకి భోజనాల వేళకి బీచిలో ఉండొచ్చు. మెయిన్ రోడ్డు మీద అది కుదరదు. బావి పక్కనుంచి వెళ్తే యాభై నిమిషాలు కలిసొస్తాయి. నాలుగుసార్లు కాగితం మార్చి రాసింది. ఎలా రాసినా ఆ యాభై నిమిషాలు బావి దగ్గరే దొరుకుతున్నాయి.

ట్రిప్పులు చూసే అర్రియాగా సారు రాజధాని నుంచి వచ్చినవాడు. కాగితం చూసి, "మరి మీ వాళ్ళు ఈ దారి చీకట్లో వెళ్ళరటగా. మీ దెయ్యాలు ఎన్ని గంటలకి డ్యూటీ దిగుతాయి?" అన్నాడు.

ఆఫీసంతా నవ్వింది. నెల్సీ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగోదు కదా.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ప్లాను సంగతి తెలిసిన రోజే తల్లి మాట మానేసింది. ఒకే గదిలో పడుకునే రెండు వల ఊయలలు, మధ్యలో మూరెడు దూరం, పదకొండు రోజులు... ఒక్క మాట లేదు.

నెల్సీకీ పట్టుదల ఉంది. అడవిని కాసే, కంటికి కనపడని దొరల అనుమతి అడగాలి, అంతేగా. అడిగితే సరిపోతుంది. ఒక మధ్యాహ్నం పనికి వెళ్తూ వెళ్తూ, రొట్టెల మర దగ్గర పిండి కొని, సీసాలో నీళ్ళతో కలిపి, బావి ఒడ్డున పోసి వచ్చింది. సకా అన్నమాట. మొక్కజొన్న నీళ్ళు. దొరలకి పెట్టేది అదే.

చిన్నప్పుడు పొలంలో దొరలకి పూజయ్యాక, పూజ చేసిన పెద్దాయన పిల్లలందరికీ ఆ సకా పంచేవాడు. నెల్సీ ఒక గుక్క తాగి ఉమ్మేసేది, చప్పగా ఉందని. "దొరలు తాగేశారే పిచ్చిదానా," అనేవాడాయన. "గిన్నె నిండుగానే ఉంటుంది. వాళ్ళు తీసుకునేది సారం. మనకి మిగిలేది నీళ్ళు."

ఆ రాత్రి ఇంటికొచ్చి తల్లికి వినపడేలా చెప్పింది, అనుమతి అడిగానని, సకా పోశానని.

పదకొండు రోజుల తర్వాత తల్లి నోరు విప్పింది.

"పిండి ఎక్కడిది?"

"మర దగ్గరది."

"అంటే సున్నం వేసి ఉడికించింది."

ఆ సంగతి నెల్సీకి తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. రొట్టెల పిండికి సున్నం వేస్తారు, దొరల సకాకి వేయరు. మర్చిపోయింది. టైము లేక మర్చిపోయింది.

తల్లి నవ్వింది. ఆ నవ్వు వినడం కన్నా ఇంకో పదకొండు రోజులు మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది.

"సున్నం పడితే అది మనుషుల కూడు. మనుషుల కూడు పోసి పిలిచొచ్చావు. ఇక వాళ్ళు తమకి నువ్వు ఏం పెడుతున్నావనుకుంటారు?"

అంతే. గోడవైపు తిరిగి పడుకుంది.

మంగళవారం ఉత్తుత్తి ట్రిప్పు. టూరిస్టులు లేకుండా, గడియారం పట్టుకుని, ఎక్కడ ఎన్ని నిమిషాలో చూసుకోవడానికి. బండిలో ముగ్గురే. అర్రియాగా సారు, నెల్సీ, డ్రైవరు విల్బెర్త్. డ్రైవరుది వాళ్ళ ఊరే, వరసకి మామ.

నాలుగింటికి బయల్దేరారు. అయిదుకి ఇరవై నిమిషాలుండగా మట్టిరోడ్డు ఎక్కారు. రెండు పక్కలా చెట్లు బండిని గీరుతున్నాయి. ముందు దీపాలు పడ్డంత మేరే లోకం ఉంది. ఆ వెనక... ఏమీ లేదు.

బావి దగ్గర బండి ఆపమన్నాడు సారు. విల్బెర్త్ మామ ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"ఆపవయ్యా, నిశ్శబ్దం వినాలి కదా."

ఇంజను ఆగింది.

కీచురాళ్ళు లేవు. కప్పలు లేవు. అడవిలో అంత నిశ్శబ్దం ఉండదు. నెల్సీ ఆ సంగతి గమనించింది... గమనించనట్టు కాగితం వైపు చూసింది.

అప్పుడు ఈల వినిపించింది.

సన్నగా. ఒకే ఒక్కసారి. బావి వైపు నుంచి.

చీకట్లో ఈల వినపడితే బదులివ్వకూడదని ఆ ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. అర్రియాగా సారు కిటికీ దించి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, గట్టిగా తిరిగి ఈల వేశాడు.

విల్బెర్త్ మామ శిలువ గుర్తు వేసుకున్నాడు. "అమ్మాయ్... ఈల వేయొద్దని ఆయనకి చెప్పు," గుసగుసగా అన్నాడు.

"మీరు చెప్పండి మామా."

"నేను చెబితే నా ఉద్యోగం పోతుంది. నువ్వు చెబితే నీది పోతుంది. ఎవరిది పోతే మంచిదో చూసుకో."

టక్.

బండి పైన గులకరాయి పడింది.

టక్... టక్. ఇంకో రెండు. ఆ తర్వాత ఒకటి కిటికీలోంచి సూటిగా వచ్చి సారు చేతి మీద పడింది. వేలి కణుపు చిట్లి రక్తం వచ్చింది. నవ్వుతున్నవాడు నవ్వడం ఆపాడు.

"మీ వాళ్ళేనా?" అన్నాడు. గొంతు మారిపోయింది. "వెళ్ళి చూడు. ఎవరో పేరు పట్టుకురా. పొద్దున్నే పోలీసులకిస్తాను. పేరు లేకుండా వచ్చావంటే, మెరిదా పట్నం నుంచి ఇంకో గైడు వస్తుంది."

నెల్సీ టార్చి తీసుకుని దిగింది.

మామ వద్దనలేదు. రాలేదు కూడా.

బావి ఒడ్డు ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ ఎవరో తనని చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది. చెమట పట్టింది, చలేసింది. టార్చి వెలుగు రాళ్ళ మీద, వేళ్ళ మీద పాకి... ఒకచోట ఆగిపోయింది.

ఎండు సొరబుర్ర గిన్నెలు. తొమ్మిది. వరసగా, ఆకుల మీద పెట్టి ఉన్నాయి. అంచుల దాకా తెల్లగా సకా.

వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

సున్నం లేదు. పచ్చి మొక్కజొన్న తీపి. పంటి కింద పొట్టు తగిలింది. ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే పిండిలో పొట్టు ఉంటుంది. ఆ తిరగలి పళ్ళు అరిగిపోయి పదేళ్ళయింది, మార్పించమంటే తల్లి మార్పించదు.

భయం ఒక్కసారి దిగిపోయింది. దాని చోట్లో ఒళ్ళు మండింది.

రుచి ఉంది కదా మరి. నిండా రుచి ఉంది. అంటే ఏ దొరలూ రాలేదు, ఏ దొరలూ తాగలేదు. ఈ చీకట్లో రాళ్ళేస్తున్నది మనిషే. మాటలతో ఆపలేక రాళ్ళకి దిగింది. కన్నతల్లి.

"అమ్మా," అంది పళ్ళు బిగపట్టి. "నువ్వని తెలుసు. ఇంటికి పో."

టార్చి చెట్ల వైపు తిప్పింది.

"వాడు పోలీసులంటున్నాడు. పోవే అమ్మా..."

ముఖానికి బాగా దగ్గరగా గాలి కదిలింది. బావిలోంచి చల్లగాలి కొట్టడం మామూలే. కానీ ఇది కొట్టలేదు. ఎవరో ఎదురుగా నిలబడి ఊపిరి లోపలికి లాగినట్టు... పొడుగ్గా, తీరిగ్గా... జుట్టు కుదుళ్ళ దాకా ముందుకి లాగింది.

ఆగిపోయింది.

కాళ్ళ దగ్గర ఒక గులకరాయి పడింది. విసిరినట్టు కాదు. చేతిలోంచి వదిలేసినట్టు.

దూరంగా ఎక్కడో కీచురాయి ఒకటి మొదలుపెట్టింది. తర్వాత అన్నీ.

బండి దగ్గరికొచ్చి, ఎవరూ లేరంది నెల్సీ. ఊరివాళ్ళు పెట్టుకున్న నైవేద్యం ఉంది, మనుషులు లేరు, పైన కొమ్మ మీద కోతులేమో అంది. తల్లి పేరు నాలిక చివర దాకా వచ్చి ఆగింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

అర్రియాగా సారు రుమాలు వేలికి చుట్టుకున్నాడు. "కోతులా... మనిషి కాదా. అయితే జీతం కూడా ఇవ్వక్కర్లేదు." కాగితం లాక్కుని తనే రాశాడు. బావి, పది నిమిషాలు. "టూరిస్టులు ఇలాంటివాటికి పడి చస్తారు," అన్నాడు.

సూర్యుడు వచ్చేసరికి గుడి మెట్ల దగ్గరున్నారు. గడియారం ప్రకారం అన్నీ సరిపోయాయి.

తిరుగుదారిలో ఊళ్ళో దిగింది నెల్సీ. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. తల్లి రొట్టెలు కాలుస్తోంది, చీరుకున్న పాదానికి గుడ్డ కట్టుకుని.

"పరిగెత్తావా?" అంది నెల్సీ. "రాళ్ళేసి పరిగెత్తావా? నిన్ను జైల్లో పెట్టేవాడు తెలుసా?"

తల్లి రొట్టె తిరగేసింది. "ఏం రాళ్ళు?"

"గిన్నెలు నీవే."

"గిన్నెలు నావే. నిన్న పొద్దుండగానే పెట్టొచ్చాను. నువ్వు చేసిన తప్పుకి. నువ్వు వెళ్ళే దారికి. ముల్లు గుచ్చుకుంటే మీ విల్బెర్త్ మామ పెళ్ళాం నన్ను ఇంటిదాకా పట్టుకొచ్చింది, అడుగు. రాత్రంతా ఇక్కడే పడుంది, నొప్పంటే ఒంటరిగా వదల్లేక."

నెల్సీ నమ్మలేదు. నమ్మకూడదనుకుంది.

ఫోను గుయ్యిమంది. అర్రియాగా సారు. దారి ఖాయం. కార్డు ఖాయం. గురువారం నలభై రెండు మంది. తల్లికి వినపడేలా పైకి చదివింది, ఒక్కొక్క మాటా ఒత్తి ఒత్తి.

తల్లి రొట్టె దించింది. పళ్ళెం ముందు పెట్టింది. వేడి రొట్టెలు, నల్ల చిక్కుళ్ళు, నిప్పుల మీద కాల్చిన, నాలిక మండించే హబనేరో మిరపకాయలు.

నెల్సీ రొట్టె తుంచి చిక్కుళ్ళలో ముంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"ఉప్పు మర్చిపోయావ్."

తల్లి అదే పళ్ళెంలో వేలు ముంచి నాకింది. "ఉంది."

నెల్సీ ఇంకో ముద్ద తింది. తడి గుడ్డ నములుతున్నట్టుంది. మిరపకాయ తీసుకుని సగం కొరికింది.

ఆగింది.

కాల్చిన కారం ఘాటుకి పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. నెల్సీ కళ్ళు పొడిగా ఉన్నాయి.

తల్లి చేతిలో రొట్టె ఆగిపోయింది. "నా సకా చూశావా?" అంది మెల్లగా. "నోట్లో పెట్టుకున్నావా? ఎలా ఉంది?"

"రుచిగా ఉంది."

"ముట్టలేదన్నమాట." తల్లి గొంతు సరిగా వినపడటం లేదు. "మరి వాళ్ళు సారం తీసుకుంది... ఎవర్లోంచి..."

రొట్టె పెనం మీద మాడిపోతోంది. ఎవరూ తీయలేదు.

ఫోను మళ్ళీ వెలిగింది. గురువారానికి సిద్ధమేనా అని అడుగుతున్నాడు సారు.

నెల్సీ చూడలేదు. మిగతా సగం మిరపకాయ నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. ఇంకోటి తీసుకుంది.

ఇంకోటి.