డబ్బా వేడెక్కినప్పుడల్లా

పత్తికొండ టమోటా మండీలో మెల్లగా మాట్లాడేవాడికి అన్నం పుట్టదు. నా పని అక్కడే. వేలం కేకలు, లారీ హారన్లు, హమాలీల తిట్లు... పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఇంటికొస్తానా, గడపలోనే మా ఆవిడ ఆరాధన నోటి మీద వేలు పెట్టుకొని నిలబడి ఉంటుంది.

"మెల్లగప్పా! పాప ఇప్పుడే పండుకునింది."

సరే తల్లీ అని చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి పోతా. ఏం చేస్తాం మరి? పెళ్ళయిన శానా ఏళ్ళకు, ఎన్ని ప్రార్థనలకో పుట్టిన బిడ్డ. మూడో నెల నడుస్తోంది. మనిషి ఇంతే ఉంటుంది గానీ, ఆకలేసిందంటే వీధి చివర టీ అంగడి వాడికి కూడా తెలిసిపోవాల్సిందే. ఆ ఏడుపు చెవిన పడగానే ఆరాధనకు పాలు పొంగి రవిక తడిసిపోయేది, చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. "మండీకి రావే తల్లీ, వేలం నువ్వే పాడుదువు" అని నేను పాపను ముద్దు చేసేవాణ్ణి. బిడ్డ ఏడుపు విని సంతోషపడే తండ్రిని నేనొక్కణ్ణే అయ్యుంటా.

నాకున్న పిచ్చి ఒకటే, గిటార్. ఆదివారం చర్చిలో వాయించేది నేనే. ఆలూరులో ఓబుళేశు అనే ఆర్కెస్ట్రా గిటారిస్టు పోయాడనీ, గిటార్ శబ్దాన్ని పెంచే ఆయన ట్యూబుల ఆంప్ ఇంట్లో ఊరికే పడి ఉందనీ విన్నా. ఇంకాగుతానా? ఆ మధ్యాహ్నమే బండి తీశా.

ఆయన భార్య హంపమ్మ తలుపు తీసింది. మాట్లాడితే గుసగుస తప్ప గొంతు రాదు. ఏదో జబ్బేమో పాపం అనుకున్నా. ఆంప్ పక్కనే ఒక ఇనుప డబ్బా ఉంది. చుట్టూ చిల్లులు, ముందర ఒక నాబ్. చూడగానే ఎగిరి గంతేసినంత పనైంది నాకు.

ఎందుకో చెప్తా. ట్యూబుల ఆంప్‌ను వాల్యూమ్ బాగా పెంచి వాయిస్తేనే గిటార్‌కు ఆ గరుకు, ఆ తీపి వస్తాయి. అంత పెంచితే వీధి వీధంతా మన మీదికొస్తుంది. అందుకని ఆంప్‌కూ స్పీకర్‌కూ నడుమ అటెన్యుయేటర్ అనే డబ్బా పెడతారు. ఆంప్ పంపినదాన్ని అది మింగి వేడిగా మార్చేసి, పిసరంత మాత్రం స్పీకర్‌కు వదులుతుంది. ఎంత వదలాలో నాబ్ తిప్పి మనమే చెప్తాం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అంతకంటే ఏం కావాలి?

"ఇది ఆయన చేసుకున్నదేనా పెద్దమ్మా?"

"ఊఁ... ఇంట్లో సద్దు కాకూడదని..."

మూలన దుమ్ము పట్టిన కొయ్య ఊయల కనిపించింది. "మనవళ్ళదా?" అన్నా, మాట కలపాలని. ఆమె డబ్బా వైపు చూసింది. "రెండూ తీస్కపో నాయనా. ఊరికే తీస్కపో" అని తలుపేసుకుంది. ఎంత మంచి మనిషో అనుకుంటూ వచ్చేశా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రోజూ మండీ నుంచి రాగానే వాయించేవాణ్ణి. ఆంప్ నిండా వాల్యూమ్, డబ్బా నాబ్ అడుగుకి. పక్క గదిలో రేడియో మోగినంతే వినబడేది. కాలిన దుమ్ము వాసన, వేడి ఇనుము వాసన. ఆరాధన కూడా ఏమీ అనలేదు.

మొదట కుక్కర్. విజిల్ వినబడక అన్నం మాడింది. నవ్వుకున్నాం. తర్వాత గేటు కిర్రుమనడం మానింది. "నూనె పోసినావా?" అంది ఆరాధన. నేను పోయలేదు. పాప కూడా ఏడుపు తగ్గించింది. ఎంత బుద్ధిమంతురాలో అని పక్కింటివాళ్ళు దిష్టి తీశారు.

ఒక శనివారం సాయంత్రం, పొద్దు గూకే వేళ ఇంటికొచ్చా. ఆరాధన గోడకు ఆనుకుని బియ్యం ఏరుతోంది. పక్కనే ఊయల అదురుతోంది. గాలి లేదు. తొంగి చూశా.

పాప ఏడుస్తోంది. ముఖం కందిపోయింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కన్నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. నోరు బార్లా తెరిచి ఉంది... కానీ శబ్దం లేదు.

"ఆరాధనా..."

ఆమె చూసి పళ్ళెం వదిలేసింది. పళ్ళెం నేల మీద పడి గింగిరాలు తిరిగింది. అదీ చప్పుడు చేయలేదు.

పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. పాలు పట్టినా తాగదు. ఏడుస్తూనే ఉంది. ఎప్పటి నుంచి ఏడుస్తోందో దేవునికే తెలియాలి. నేను పిచ్చోడిలా గదంతా తిరుగుతుంటే చేయి డబ్బాకు తగిలింది.

చుర్రుమంది.

ఆ రోజు నేను ఆంప్ వేయనే లేదు...

ఏం తోచిందో, స్విచ్ వేశా. ట్యూబులు మెల్లగా వెలిగాయి. గిటార్ తగిలించలేదు. నాబ్ కొంచెం తిప్పా. స్పీకర్లోంచి సన్నగా, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు... పసిబిడ్డ ఏడుపు.

"మన పాప..." అంది ఆరాధన. "పెంచప్పా!"

పెంచా. స్పీకర్లో ఏడుపు పెరిగింది. ఆరాధన చేతుల్లోని పాప కూడా సన్నగా కీచుమంది. వస్తోంది! మా బిడ్డ గొంతు బిడ్డకు తిరిగి వస్తోంది! ఆరాధన ఏడుస్తూ నవ్వుతోంది. ఇంకా తిప్పా. కుక్కర్ విజిల్... గేటు కిర్రు... వాటన్నిటి వెనకనుంచి ఒక ఆడమనిషి. నిండు గొంతు. మాట తీరు ఆలూరు హంపమ్మదే.

"ఆపప్పా! ఆపు! పాప నోరు తెరిచి ఏడుస్తాంది... సద్దు రాలేదు... ఆపు!"

ఆరాధన పెదాలు కదల్లేదు.

ఏం చేస్తున్నానో తెలియకుండానే డబ్బాకు పోయే వైరు పట్టి పీకేశా.

ట్యూబుల ఆంప్ ముట్టుకున్నవాడికి నేర్పే మొదటి పాఠం అదే. నడుస్తుండగా ఆ వైరు పీకకూడదు. లోపలి కరెంటుకు పోయే దారి లేక, ఆంప్ తనను తానే కాల్చుకుంటుంది. లోపల నీలంగా మెరిసింది. కమురు వాసన. చీకటి. పాప గొంతులో ఆ సన్నటి కీచు కూడా ఆగిపోయింది. ఇంకొక్క క్షణం ఓర్చుకొని ఉంటే... ఛీ, నా చేతులు విరగ!

ఇంకో ఆంప్ తెచ్చి తగిలించా. గిటార్ తప్ప ఏమీ పలకలేదు. ఆలూరు పోతే హంపమ్మ ఇంటికి తాళం. కర్నూలు డాక్టర్లు పాప గొంతు బాగానే ఉందంటున్నారు.

డబ్బాను పారేయమని చర్చిలో అందరూ అంటారు. ఎట్లా పారేస్తాం? మా పాప గొంతు అందులోనే ఉంది. ఊయల పక్కనే పెట్టుకున్నాం, ఏ వైరూ లేకుండా. పాపకు ఆకలైతే డబ్బా వేడెక్కుతుంది. ఆరాధన దాని మీద చేయి వేసుకునే పడుకుంటుంది. వేడి తగలగానే లేచి పాలిస్తుంది. పాపకు కడుపు నిండగానే డబ్బా చల్లారుతుంది.

నిన్న సాయంత్రం పాప కడుపు నిండా తాగి నా ఒళ్ళో నిద్రపోయింది. ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే డబ్బా మీద కప్పిన గుడ్డ మాడుతోంది.

వంగి పాప ముఖం చూశా. నోరు మూసే ఉంది. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది.

"ఏమప్పా..." అంది ఆరాధన గుసగుసగా. తల తిప్పా. ఆమె రవిక ముందంతా తడిసిపోయి ఉంది. పాలు కారుతున్నాయి.

"పాప పండుకునింది కదే..." అన్నా.

ఆమె నా వైపు చూడలేదు. కొంగు చేతులకు చుట్టుకుని, ఆ డబ్బాను మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.

"శానా ఏండ్ల ఆకలి మీదుండాదప్పా ఈ బిడ్డ" అంది.

నా ఒళ్ళో పాప నిద్రలో నవ్వుతోంది.